యాసంగి మెంతి మడిలో మొలిచే పసుపు పూల 'పిచ్చి మెంతి': తినొచ్చా, పెంచొచ్చా?

తమ్ముడూ, మీరు పంపిన మూడు ఫోటోలూ చూశాను. మీరు రాసిన సంగతి ఇది: దేవరకొండ దగ్గర బోరు కింద రెండెకరాలు చేస్తున్నారు. యాసంగిలో పోసిన మెంతి మడిలో మెంతిలాగే ఉండి మెంతి కాని మొక్క ఒకటి వచ్చింది, సన్నటి పసుపు పూలు పూసింది. విదేశాల్లో ఎవరో అడవి క్లోవర్ ఆకును పచ్చిగా సలాడ్‌లో వేసుకుని తింటున్న వీడియో చూశారు. ఇది అదేనా, తినొచ్చా, గింజ పట్టి వచ్చే ఏడు మడి పోస్తే హైదరాబాద్‌లో అమ్ముడుపోతుందా అని అడిగారు. చివర్లో ఒక్క లైను: అమ్మకు గుండె వాల్వు మార్చారు, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటోంది, టెన్షన్ ఏమీ లేదు కదా అని.

ఆ చివరి లైను నుంచే మొదలుపెడతాను. ఈ ఆకు అమ్మకు పెట్టొద్దు. పచ్చిదీ వద్దు, ఎండుదీ వద్దు, పప్పులో నాలుగు రెబ్బలైనా వద్దు. ఎందుకో చెప్పాలంటే ఒక కోడెదూడ సంగతి, ఒక ఎలుకల మందు సంగతి చెప్పాలి. అవి కింద వస్తాయి. మన ఇళ్లల్లో కూర ఒక్క గిన్నెలోనే ఉడుకుతుంది. అమ్మకు వేరే వండే వీలు లేకపోతే ఈ ఆకు మీ వంటింట్లోకి రాకపోవడమే మంచిది.

నేను వ్యవసాయ శాఖలో 30 ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యాను. కల్వకుర్తి, అచ్చంపేట, చండూరు, ఇట్లా మన దిక్కే తిరిగాను. ఇప్పుడు నాకున్న మూడెకరాల చెలకలో కూరగాయలు, ఓ పక్కన బత్తాయి. ఈ మొక్కను నేను కలుపుగా పీకిందే ఎక్కువ, తిన్నది తక్కువ. కానీ తిన్నాను, కావాలని మడి పోసి పెంచాను కూడా.

మీ రెండో ఫోటోలో పూత కనబడకపోతే నేను ఇంత ధైర్యంగా రాసేవాణ్ణి కాదు. ఆకు ఒక్కటే చూసి దీన్ని పోల్చుకోవడం కష్టం. కాడకు మూడేసి చిన్న ఆకులు, అంచులకు సన్నటి రంపం పళ్లు, నడిమి ఆకుకు మిగతా రెండింటికన్నా కొంచెం పొడుగు తొడిమ. ఇంతవరకు మెంతికీ దీనికీ పెద్ద తేడా లేదు, రెండూ దగ్గరి చుట్టాలు. పూత వచ్చాకే విడిపోతాయి. మెంతి పువ్వు ఆకు పంగలో ఒకటో రెండో వస్తుంది, పాలిపోయిన రంగులో. కాయ వేలంత పొడుగు, చివర ముక్కు. దీనికి మాత్రం ఆకు పంగలోంచి సన్నటి కంకి లేస్తుంది. దాని నిండా నువ్వు గింజంత పసుపు పూలు. తర్వాత వచ్చే కాయ ఆవగింజ కంటే కాస్త పెద్దది, పైన ముడతలు, లోపల మామూలుగా ఒక్కటే గింజ. దీని శాస్త్రీయ నామం మెలిలోటస్ ఇండికస్. హిందీలో సెంజి అంటారు, ఉత్తరాదిలో పశువుల మేతకు వేస్తారు. మన దగ్గర దీనికి నికరమైన పేరు లేదు. మా చెలకలో కలుపు తీసే అమ్మలు 'పిచ్చి మెంతి' అని పీకి గెట్టు మీద పారేస్తారు, నేనూ ఇక్కడ ఆ పేరే వాడతాను.

పూత రాకముందు తుంచాలనుకుంటే రెండు మొక్కలతో పొరబడే ప్రమాదం ఉంది. ఒకటి పులిచింత. దాని మూడు ఆకులూ గుండె ఆకారంలో ఉంటాయి, అంచుకు పళ్లుండవు, కొరికితే పులుపు. దానితో పొరబడినా నష్టం లేదు, పచ్చడి చేసుకుని తినేదే. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి, ఆ పులుపంతా ఆక్జాలిక్ ఆమ్లానిది. రెండోది అసలైన ప్రమాదం. మన జనుము జాతిలోనే నేలబారుగా పెరిగే చిన్న మొక్క ఒకటి ఉంది. చెలకల్లో, దుబ్బ నేలల్లో, బాటల పక్కన బాగా కనిపిస్తుంది. దానికీ మూడేసి ఆకులు, దానికీ చిన్న చిన్న పసుపు పూలు. శాస్త్రవేత్తలు కూడా మెంతి చుట్టాల పోలిక చూసే దానికి క్రోటలేరియా మెడికాజినియా అని పేరు పెట్టారు. తేడా ఎక్కడంటే దాని ఆకు అంచు నున్నగా ఉంటుంది, పళ్లుండవు. ఆకు వెనక తిప్పి చూస్తే పట్టులాంటి నూగు. ఈ జనుము జాతి మొక్కల్లో చాలావాటికి కాలేయాన్ని దెబ్బతీసే విషాలుంటాయి. 1970లలో సర్గుజా జిల్లాలో, ఇప్పుడది ఛత్తీస్‌గఢ్, ఆ జాతి గింజలు సామల్లో కలిసిపోయి, ఆ సామలు తిన్న ఊళ్లల్లో కడుపులో నీరు చేరి మనుషులు చనిపోయారు. అందుకే అంచుకు రంపం పళ్లు స్పష్టంగా కనిపిస్తేనే చేయి పెట్టండి, లేకపోతే వదిలేయండి.

ఇంకో పరీక్ష ఉంది, నాకు ఇష్టమైనది. పచ్చి ఆకును నలిపితే మామూలు గడ్డి వాసనే వస్తుంది. ఒక రెమ్మ తుంచి చొక్కా జేబులో వేసుకుని మర్చిపోండి. సాయంత్రానికి వాడిపోయి, జేబులోంచి అప్పుడే కోసిన ఎండుగడ్డి వాసన, కొంచెం వనిల్లా ఐస్‌క్రీం వాసన కలిసినట్టు వస్తుంది. మా ఆవిడ ఒకసారి ఉతకడానికి చొక్కా తీసి 'ఇది ఏం సెంటు' అని అడిగింది. ఆ వాసన కుమరిన్ అనే పదార్థానిది. పచ్చి ఆకులో అది చక్కెరతో ముడిపడి ఉంటుంది, ఆకు వాడేకొద్దీ విడిపోయి వాసనేస్తుంది. మంచీ చెడూ రెండూ ఆ కుమరిన్ దగ్గరే ఉన్నాయి.

ఇక మీరు వీడియోలో చూసిన క్లోవర్ ఇది కాకపోవచ్చు. ఇంగ్లీషు వాళ్లు చాలా మొక్కల్ని క్లోవర్ అనేస్తారు. అసలు క్లోవర్లు ట్రైఫోలియం అనే జాతి. వాటి పువ్వులు బంతిలా గుత్తిగా ఉంటాయి. మన మైదానాల ఎండకు అవి అడవిలో తమంతట తాము బతకవు. మనం చూసే ఒకే ఒక్క ట్రైఫోలియం బర్సీం, అదీ పాల డెయిరీల వాళ్లు చలికాలంలో మేతకు వేసేది. అది ఈజిప్టు నుంచి 1904లో సింధ్‌కు వచ్చి, అక్కడి నుంచి ఉత్తరాదికి పాకింది. కాలిఫోర్నియా ఆదివాసీలు మాత్రం ఏటా పుట్టే అడవి క్లోవర్లను వసంతకాలంలో నిజంగానే కుప్పలుగా తినేవాళ్లు. పచ్చిగా, ఉప్పునీళ్లలో ముంచుకుని. ఎక్కువ తింటే కడుపుబ్బరం వస్తుందని, దానికి విరుగుడుగా ఓ అడవి చెట్టు గింజలు వేయించుకుని నమిలేవాళ్లు. అంటే తరతరాలుగా తిన్నవాళ్లకు కూడా అది ఎంత తింటే కడుపు తిరగబడుతుందో తెలుసు. వాళ్లు తిన్న మొక్క వేరు, మీ మడిలోది వేరు. అక్కడి వీడియో చూసి ఇక్కడి మొక్క పచ్చిగా నమలొద్దు.

మన పెద్దవాళ్లు అడవి ఆకుకూరలు తక్కువేం తినలేదు. వినాయక చవితికి తుమ్మికూర, వానలు పడగానే చెన్నంగి చిగురు, చేనులో గంగవాయిలి, దొగ్గలి, పొన్నగంటి, గునుగు లేతగా ఉన్నప్పుడు. కలుపు తీసి ఒళ్లో వేసుకొచ్చి పొద్దుగూకి పప్పులో వేసేవాళ్లు. ఆ లెక్కలో పిచ్చి మెంతిని నేను వినలేదు, మా నాయనమ్మ నోట కూడా. పక్కనే మెంతికూర ఉండగా ఈ చేదును ఎవరు వండుకుంటారు అని కావచ్చు.

నేను ఎట్లా తిన్నానో చెబుతాను. పూత మొగ్గ కనబడక ముందే, జానెడు ఎత్తులో ఉన్నప్పుడు, పైన రెండు వేళ్ల మందం చిగురు మాత్రమే తుంచాలి. పూత వచ్చాక చేదు పెరుగుతుంది, కాడ నార పడుతుంది. తుంచింది తుంచినట్టే ఆ పూటే వండేయాలి. ఒక గంప కోసి ఫ్రిజ్‌లో పెట్టి మూడోరోజు వండుదాం అనేది ఈ ఆకుకు పనికిరాదు. కొలత విషయంలో నాది ఒక్కటే పద్ధతి: మెంతికూర మూడు పిడికిళ్లు, ఇది ఒక పిడికెడు. మొత్తం ఇదే వేసి ఒకసారి వండితే మా మనవడు గిన్నె అవతలికి తోసేశాడు.

పెసరపప్పు ఒక గ్లాసు దోరగా వేయించి, పసుపు వేసి, పలుకుగా ఉడికించాలి, మెత్తబడొద్దు. ఇంకో మూకుడులో పల్లీ నూనె వేసి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఎల్లిపాయలు ఏడెనిమిది కచ్చాపచ్చాగా దంచి పోపు పెట్టాలి. ఎల్లిపాయ రంగు మారాక ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి. అవి మగ్గాక ఆకు. ఆకులో నీళ్లు ఇగిరేదాకా మూత పెట్టొద్దు, పెడితే చేదు గిన్నెలోనే తిరుగుతుంది. తర్వాత పప్పు కలిపి, నిమ్మకాయంత చింతపండు పులుసు పోసి ఐదు నిమిషాలు. జొన్నరొట్టెకు బాగుంటుంది, అన్నానికి అంతంత మాత్రం. చింతపండు మానొద్దు. ఈ ఆకు చేదును అది మోస్తుంది, పైగా మనది ఫ్లోరైడ్ నీళ్ల జిల్లా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పిల్లలకు చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రచురించారు. చింతపండు తింటే ఫ్లోరోసిస్ పోతుందని కాదు దీనర్థం, పులుసు తాగే అలవాటు ఉన్నవాళ్లు మానుకోనక్కర్లేదని చెబుతున్నాను.

ఇట్లా నెలకు రెండు మూడుసార్లు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు తింటే భయం లేదు. గర్భిణులకు, పసిపిల్లలకు, కాలేయం జబ్బున్నవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు వద్దు. కుమరిన్ ఎక్కువ మోతాదులో కాలేయానికి మంచిది కాదు. అమెరికాలో ఆహారంలో సువాసనకు కుమరిన్ కలపడాన్ని 1954లోనే నిషేధించారు. మనం బిర్యానీలో వేసే దాల్చినచెక్కలో కూడా, అంటే బజార్లో చవగ్గా దొరికే మందపాటి కేసియా చెక్కలో, ఇదే కుమరిన్ ఉంటుంది. ఆ లెక్కన మనకు ఇది కొత్త కాదు. అయితే బిర్యానీలో వేసేది ముక్క, ఆకుకూర అంటే పళ్లెం నిండా పెట్టుకుంటాం. అందుకే పిడికెడు అన్నాను. గింజలు మొలకెత్తించి తినడం, ఆకు ఎండబెట్టి కసూరి మెంతిలా డబ్బాలో దాచడం రెండూ వద్దు. ముఖ్యంగా ఎండబెట్టడం.

కోడెదూడ కథ ఇక్కడే చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సంగతి. మా నాయన సంక్రాంతి ముందు కుసుమ చేనులో దండిగా పెరిగిన పిచ్చి మెంతిని కోసి కొట్టం పక్కన కుప్ప వేశాడు. పండుగ దాటాక రెండు మూడు రోజులు ముసురు పట్టింది. కుప్ప పైన ఆరింది, లోపల వేడెక్కి బూజు పట్టింది. పారేయడానికి మనసొప్పక, వరిగడ్డిలో కలిపి మూడు వారాలకు పైగా పశువులకు వేశాడు. శివరాత్రి ముందు ఒక కోడెదూడకు ముక్కు కుట్టించాం. ముక్కు కుడితే నాలుగు చుక్కలు కారి ఆగిపోవాలి. దానికి పొద్దున కుడితే మధ్యాహ్నం దాకా కారుతూనే ఉంది. పసుపు అద్దాం, బట్ట కాల్చి మసి పెట్టాం, ఆగదు. పొద్దున కారిన రక్తం గాబు పక్కన నీళ్లలాగే ఉంది, గడ్డకట్టలేదు. పక్క ఊరి నుంచి వచ్చిన పశువుల డాక్టరుగారు దూడను చూసే ముందు మేత చూపించమన్నాడు. కుప్పలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి వాసన చూసి, 'ఇది ఆపండి' అన్నాడు. విటమిన్ కె సూదులు వేశాడు. దూడ బతికింది, వారం రోజులు లేచి నిలబడటానికే కష్టపడింది. నేను చదివిన పుస్తకంలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గురించి ఒక పేరా ఉంది. పిచ్చి మెంతి జాతినే ఇంగ్లీషులో అట్లా అంటారు. పరీక్షలో రాశాను కూడా. మా కొట్టంలో కుప్ప పక్క నుంచి రోజూ నడిచి పోతున్నా అది గుర్తురాలేదు.

ఆ పేరాలో ఉన్న చరిత్ర పెద్దది. పిచ్చి మెంతికి అన్నలాంటి పెద్ద జాతులు రెండున్నాయి, ఒకటి తెల్లపూలది, ఒకటి పసుపుపూలది. 1920లలో కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో వాటి ఎండుమేత తిన్న పశువులు కొమ్ములు కోసినా, విత్తులు కొట్టినా రక్తం ఆగక చనిపోయేవి. ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు తప్పు బూజు పట్టిన మేతదని తేల్చాడు. 1933 చలికాలంలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు చచ్చిన ఆవునూ, గడ్డకట్టని రక్తం పోసిన పాల క్యానునూ, ఆ మేతనూ ట్రక్కులో వేసుకుని మంచు తుఫానులో మాడిసన్ విశ్వవిద్యాలయానికి తెచ్చాడు. అక్కడ కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం ఆరేళ్లు పనిచేసి 1939లో విషాన్ని విడదీసింది. బూజు మొక్కలోని కుమరిన్‌ను డైకుమరాల్‌గా మారుస్తుంది, అది రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. దాని నుంచే వార్ఫరిన్ తయారైంది, 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చింది. తర్వాత మోతాదు లెక్కగట్టి మనుషులకూ వాడటం మొదలుపెట్టారు, 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా ఇచ్చారు.

మీ అమ్మ మాత్రల పట్టీ వెనక సన్నక్షరాలు చూడండి. వాల్వు మార్చినవాళ్లకు మన దగ్గర ఎక్కువగా రాసేవి వార్ఫరిన్, లేకపోతే ఎసినోకుమరాల్. రెండో పేరులో 'కుమర్' అనే ముక్క వినబడుతోంది కదా, అదంతా ఈ కుటుంబమే. పచ్చి ఆకులోని కుమరిన్ తానుగా రక్తాన్ని పలచబరచదు, బూజు చేయి పడితేనే ఆ గుణం వస్తుంది. అది నిజమే. కానీ బూజు కంటికి కనబడేదాకా ఆగదు, మీ ఇంట్లో ఆకు ఎంతసేపు గంపలో ముగ్గిందో ఎవరు లెక్కపెడతారు? పైగా ఆకుకూరలన్నింట్లో విటమిన్ కె ఉంటుంది, అది మందు పనిని తగ్గిస్తుంది. ఒక వైపు పెంచేది, ఒక వైపు తగ్గించేది ఒకే గిన్నెలో వేసి వాల్వు ఉన్న మనిషికి పెట్టడం ఎందుకు. మామూలు మెంతికూర, పాలకూర మానేయాలని కాదు. ఒక వారం కుప్పలు తెప్పలుగా, ఇంకో వారం అసలే లేకుండా కాకుండా, ఎప్పుడూ ఒకే తీరున పెట్టండి. ఐఎన్ఆర్ పరీక్షకు, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసే పరీక్షకు, వెళ్లినప్పుడు ఏ కూరలు ఎంత తింటోందో డాక్టరుకు చెప్పండి.

ఎక్కడ తుంచుతున్నారన్నది కూడా చూసుకోవాలి. గెట్ల మీద ఇప్పుడు అందరూ గడ్డిమందు కొడుతున్నారు, పక్క పత్తి చేను మందు గాలికి ఎగిరి వస్తుంది. మీ సొంత మడిలో, మీరు ఏం కొట్టారో మీకు తెలిసిన చోట తప్ప తుంచొద్దు. మూసీ నీళ్లు పారే పొలాల్లో అయితే ఏ అడవి ఆకూ ముట్టుకోవద్దనే నా మాట.

ఇక పెంచడం. ఇది నాకు నచ్చిన భాగం, ఎందుకంటే ఈ మొక్క కడుపుకు కన్నా నేలకు ఎక్కువ పనికొస్తుంది.

గింజ పట్టి చల్లితే సగం కూడా మొలవదు, అక్కడే చాలామంది విసుగెత్తుతారు. గింజ పెంకు గట్టిది, నీళ్లు లోపలికి పోనివ్వదు. నేలలో అట్లాగే పదులేళ్లు పడి ఉండి కూడా మొలవగలదు. పిడికెడు గింజకు రెండు పిడికిళ్ల గరుకు ఇసుక కలిపి గోనెసంచిలో వేసి బండ మీద పది నిమిషాలు రుద్దండి. రాత్రి నానబెడితే తెల్లారేసరికి కొన్ని ఉబ్బుతాయి. ఉబ్బని వాటిని మళ్లీ ఇసుకలో రుద్దండి. దసరా దాటి రాత్రులు చల్లబడ్డాక, అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా విత్తాలి. బెత్తెడు దూరంలో సాళ్లు, అర అంగుళం లోతు చాలు. మొదటి మూడు వారాలు ఏమీ ఎదగనట్టే ఉంటుంది. అప్పటికి పక్క మడిలో మెంతి కోతకు వచ్చేస్తుంది. డిసెంబరులో చలి పట్టాక ఒక్కసారిగా లేస్తుంది. వారానికో తడి సరిపోతుంది. రెండు కోతలు వస్తాయి, సంక్రాంతి దాటి ఎండ ముదిరితే పూతకు పోతుంది.

రేగడిలో బాగా వస్తుంది, ఎర్ర చెలకలో పెంట వేస్తే వస్తుంది. దీని అసలు గొప్ప చవుడు నేలలో. సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ వైపు తెల్లగా ఉప్పు తేలిన మడులున్నాయి, అక్కడ మెంతి మొలిచి మాడిపోతుంది. ఇది ఆ ఉప్పును తట్టుకుంటుంది.

యూరియా అక్కర్లేదు. మెంతికీ, లూసర్న్ అనే మేత పంటకూ, దీనికీ వేరు బుడిపెల్లో చేరే బ్యాక్టీరియా ఒకటే. కాబట్టి మీరు ఏటా మెంతి వేసిన మడిలో ఆ బ్యాక్టీరియా అప్పటికే ఉంటుంది, కల్చర్ పాకెట్ కొననవసరం లేదు. నలభై రోజులప్పుడు ఒక మొక్కను గునపంతో మట్టిగడ్డతో సహా లేపి, నీళ్లలో మట్టి కరగనిచ్చి చూడండి. వేళ్లకు సన్నటి బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల లేత ఎరుపు కనబడాలి. అట్లా ఉంటే గాలిలో నత్రజని పట్టి నేలకిచ్చే పని నడుస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే బుడిపెలున్నా పని లేనట్టే.

బత్తాయి ఉన్నవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. కాలిఫోర్నియాలో గత శతాబ్దం మొదట్లో నారింజ తోటల వరసల మధ్య చలికాలంలో ఈ పిచ్చి మెంతినే పచ్చిరొట్టగా వేసి దున్నేసేవాళ్లు. మన నల్లగొండ తోటలకు అది సరిగ్గా సరిపోతుందనుకుని నేను ఓ ఏడు కాపుకొచ్చిన చెట్ల మధ్య వేసి దెబ్బతిన్నాను. మన బత్తాయికి చలికాలంలో బెట్ట పెట్టాలి, నీళ్లు ఆపితేనే పూత దిగుతుంది. అదే సమయానికి ఈ మొక్క తడి అడుగుతుంది. నేను దీనికి తడిస్తే చెట్లకు బెట్ట చెడి పూత అరకొరగా వచ్చింది. అప్పటి నుంచి కాపుకు రాని లేత తోటలో, మొదటి నాలుగేళ్లు మాత్రమే వేస్తున్నాను. పాదులకు మూరెడు దూరం వదిలి వరసల మధ్య వేసి, పూత మొదలవగానే దున్నేస్తాను. కాయ పట్టనివ్వకూడదు. కాయ రాలిందంటే మీ తర్వాతివాళ్లు కూడా దీన్ని పీకుతూ ఉండాల్సిందే.

మెంతి గింజలు అమ్మే ఆలోచన మీకుంటే అసలు ఆ పక్కకు రానివ్వకండి. గింజ మెంతిలో కలిస్తే బేరగాడు తిరగ్గొడతాడు. గోధుమల్లో కలిస్తే పిండికి వాసన పడుతుంది. పాడి పశువు ఎక్కువ మేస్తే పాలకూ అంతే. మేతగా వేస్తే పచ్చిదే వేయండి, ఎండుగడ్డిలో కొంచెం కలిపి. తడిగా ఉన్నప్పుడు ఆకలితో ఉన్న పశువును మడిలోకి వదలొద్దు, కడుపుబ్బుతుంది.

అమ్మకం సంగతి సూటిగా చెబుతాను: వద్దు. రైతుబజారులో దీని పేరు చెబితే ఎవరూ కొనరు, మెంతి అని చెప్పి అమ్మడం మోసం. కొన్నవాళ్లింట్లో ఎవరు ఏ మందు వాడుతున్నారో మీకు తెలియదు, ఆకు ఫ్రిజ్‌లో వారం ముగ్గదని హామీ కూడా లేదు. బోరు నీళ్లతో రెండెకరాలు చేస్తున్న మీకు యాసంగిలో మెంతికూరే పైసలిస్తుంది. విత్తిన ఇరవై, ఇరవై ఐదు రోజులకు పీకి కట్టలు కట్టొచ్చు. పది రోజుల తేడాతో మూడు మడులు పోస్తే సంక్రాంతి దాకా బజారు తప్పదు. పిచ్చి మెంతికి ఒక గుంటలో సగం ఇవ్వండి, అదీ నేల కోసం.

ఇప్పుడు పూసిన మొక్కల్ని కాయ ముదరకముందే పీకేయండి. గింజ కోసం ఒక పది మొక్కలు ఉంచుకుని, కంకి గోధుమ రంగుకు తిరగ్గానే కింద గుడ్డ పరిచి కోయండి, ఆలస్యమైతే రాలిపోతాయి. అమ్మ మాత్రల పట్టీ మీద పేరు మాత్రం ఈ రాత్రికే చూడండి.